చినుకు పడని చోటికి వరద వచ్చింది

ఒమన్‌లో ఎండిపోయిన ఏటిని ‘వాదీ’ అంటారు. మన రాయలసీమలో వంక అంటామే, అలాంటిదే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక, గులకరాళ్లు తప్ప ఏమీ ఉండవు. చదునుగా ఉంది కదా అని మా పాత సైటులో కల్వర్టు పనికి తెచ్చిన కంటైనర్లు, షట్టరింగ్ సామాను అన్నీ అందులోనే దించారు. ఒడ్డున తుమ్మచెట్టు కొమ్మల్లో, నా తలకంటే ఎత్తున, ఎండుపుల్లలు, చెత్త చిక్కుకుని ఉండటం చూశాను. గాలికి ఎగిరొచ్చిందిలే అన్నారు. రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. మూడోసారి గట్టిగా చెప్పాల్సింది.

ఒక శుక్రవారం మా దగ్గర చినుకు పడలేదు. దూరంగా కొండల మీద మాత్రం నల్లగా కమ్మింది. గంటన్నరలో నీళ్లొచ్చాయి. ప్లేట్లు, జనరేటర్, ఒక పికప్ బండి కొట్టుకుపోయాయి. సెలవు రోజు కాబట్టి మనుషులు దక్కారు.

ఎన్ని నీళ్లొస్తాయో ముందే లెక్క కట్టలేరా? నది మీద ఏళ్ల తరబడి కొలతలు తీసి ఉంటే కట్టొచ్చు. కానీ చాలా చిన్న వాదీల మీద కొలిచే గేజీయే ఉండదు. అలాంటప్పుడు వాన, విస్తీర్ణం చూసి అంచనా వేస్తారు. చదరపు కిలోమీటరు మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే వెయ్యి ఘనపు మీటర్ల నీళ్లు. 20 చదరపు కిలోమీటర్ల కొండల మీద 30 మి.మీ. పడితే 6 లక్షలు. మట్టి, చెట్లు లేని రాతికొండ, అందులో సగం జారి రెండు గంటల్లో కిందికి దిగిందనుకోండి, సెకనుకు 42 ఘనపు మీటర్లు! మన క్యాంపులకొచ్చే 5000 గ్యాలన్ల ట్యాంకర్లు సెకనుకు దాదాపు రెండు బోర్లా పడ్డట్టు.

ఆ ‘సగం’ అనేదే అసలు తిరకాసు. పావు వంతు కావచ్చు, ముప్పావు కావచ్చు. డిప్లొమాలో మేం రైవ్స్ సూత్రం బట్టీ పట్టాం. మద్రాసు ప్రెసిడెన్సీ నదుల కోసం చేసింది. తూర్పుతీరం నుంచి 80 కిలోమీటర్ల లోపు 6.8, 160 వరకు 8.5, కొండలకు 10.2 అని గుణకాలు. అదే 20 చదరపు కిలోమీటర్లకు మొదటి గుణకంతో 50, చివరిదానితో 75 ఘనపు మీటర్లు వస్తుంది. వాన ఎంత పడిందో ఈ సూత్రం అడగనే అడగదు. మన ఏళ్లను చూసి కట్టిన అంకెను ఒమన్ కొండలకు తగిలిస్తే ఎలా కుదురుతుంది?

ఈ చిక్కు మీదే అంతర్జాతీయ జలశాస్త్రవేత్తల సంఘం 2003 నుంచి 2012 దాకా పదేళ్లు ప్రత్యేకంగా పనిచేసింది. కొలతలున్న మరో వాదీ నుంచి లెక్క అరువు తెచ్చుకోవచ్చు, కానీ పక్కనే ఉంటే చాలదు. రాయి, వాలు, వాన తీరు కూడా కలవాలి.

ఇంకో దారి ఉంది, నాకు నచ్చింది అదే. పాత వరద వదిలిన గుర్తు వెతకాలి. రాతి మీద మట్టిగీత, కొమ్మల్లో చెత్త. అక్కడి ఎత్తు, వాదీ వెడల్పు, వాలు కొలిస్తే ఆ రోజు ఎంత పారిందో సుమారుగా తేలుతుంది. ఊరి ముసలాయన్ని అడిగితే ఏ ఏడాదో చెబుతాడు. 2007 గోను తుఫాను నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

2024 ఏప్రిల్‌లో ఒమన్‌లో సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లలు వాదీలో కొట్టుకుపోయారు. రెండ్రోజులకే ఎమిరేట్స్‌లో అల్ ఐన్ దగ్గర ఒక్క రోజులో 254 మి.మీ. కురిసింది. ఎడారిలో వానెక్కడిది అనేవాళ్లకు ఇంతకంటే ఏం చెప్పాలి? పైన కొండల మీద మబ్బు కమ్మితే వాదీలో వంట పెట్టకండి, పడుకోకండి, బండి దించకండి.

ఇప్పటి సైటులో వచ్చిన మొదటి వారమే టేపు పట్టుకుని గుర్తులు కొలిచి, డ్రాయింగ్ మీద గీసి ఇంజనీరుకిచ్చాను. కంటైనర్లు గట్టు మీదికి మార్చారు. సామాను మోసే దూరం పెరిగిందని కుర్రాళ్లు రోజూ నన్ను తిట్టుకుంటున్నారు.