ఒక్కపూట తవ్విన కందకం, ఎవరూ తవ్వని దారి

ఇంగ్లండుకూ స్కాట్లండుకూ సరిహద్దుగా ఉన్న చెవియట్ కొండల్లో, కోకెట్ నది పుట్టేచోటికి దగ్గర్లో చ్యూ గ్రీన్ ఉంది. నార్తంబర్లండ్ జాతీయ ఉద్యానవనంలోని నేల అది. మిట్టమధ్యాహ్నం చూస్తే గొర్రెలు మేసే బీడు. పొద్దు వాలి నీడలు సాగాయంటే మాత్రం గడ్డి కింద నుంచి తిన్నని గట్లు, కందకాలు, గుండ్రంగా తిరిగిన మూలలు ఒకదాని మీద ఒకటి తేలతాయి. ఉత్తరానికి నడిచిన రోమన్ సైన్యం పలుమార్లు ఇక్కడ దిగి వేసుకున్న విడిదులవి. ఇలాంటి సైనిక విడిదినే తెలుగులో పాళెం అంటారు. ఆ మాట మన ఊళ్ల పేర్లలో ఇంకా నిలిచే ఉంది.

రోజంతా నడిచి వచ్చిన సైనికుడి చేతికి అప్పుడు గునపం వచ్చేది. విడిది చుట్టూ కందకం తవ్వాలి, ఆ మన్ను లోపలివైపు పోసి గట్టు కట్టాలి, గట్టు మీద కర్రలు పాతాలి. ఆ తర్వాతే ఎనిమిదిమందికి ఒకటి చొప్పున తోలు గుడారాలు. గట్టుకు వాడే పచ్చిక పెళ్ల ఎంతుండాలో కూడా వెజీషియస్ అనే రోమన్ రచయిత రాసిపెట్టాడు. మన కొలతల్లో చెప్పాలంటే పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, వెడల్పు 30, మందం 15. ఒక మనిషి రెండు చేతులా ఎత్తి పక్కవాడికి అందించగలిగిన ముక్క. అందరూ ఒకే కొలతతో కోస్తే గట్టు ఇటుక గోడలా లేస్తుంది.

హడావుడిగా పోసిన మట్టి ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలిచింది? దీన్ని తేల్చడానికి 1960లో విల్ట్‌షైర్‌లోని ఓవర్టన్ డౌన్ మీద పురావస్తు శాస్త్రజ్ఞులు సుద్దనేలలో ఒక గట్టూ కందకమూ కొత్తగా కట్టారు. 2, 4, 8, 16, 32, 64, 128 ఏళ్లకు ఒక్కోసారి కోసి చూడాలని పథకం. మొదలుపెట్టినవాళ్లు ముగింపు చూడలేరని తెలిసీ పూనుకున్న పని. అందుకే నాకు ఆ ప్రయోగమంటే గౌరవం. అందులో తేలిందేమిటంటే, మార్పంతా మొదట్లోనే వేగంగా జరుగుతుంది. కందకం అంచులు విరిగి అడుగున పడతాయి, గట్టు కుంగుతుంది. వాలు తగ్గి గడ్డి వేళ్లు పట్టేశాక మాత్రం నేల దాదాపు కదలదు. నాగలి పడకపోతే చాలు. చ్యూ గ్రీన్ మిగిలింది అందుకే.

ఆ పక్కనే సాగే దారిది వేరే కథ. దాని పేరు డియర్ స్ట్రీట్. యార్క్ నుంచి స్కాట్లండు దాకా రోమన్లు వేశారు. వాళ్లు వేసినప్పుడు అది పక్క నేల కంటే ఎత్తు, రాళ్లు పరిచిన కట్ట. ఇప్పుడు వాలు ఉన్నచోట్ల పల్లమై కనిపిస్తుందంటే తర్వాతివాళ్ల పని. మధ్యయుగాల బాటసారులు, దక్షిణాన సంతలకు పశువులను తోలుకెళ్లినవాళ్లు అదే దారి పట్టారు. గిట్టలు పచ్చికను చీల్చాయి, వాన ఆ వదులు మన్నును కొట్టుకుపోయింది. ఒకసారి పల్లం పడితే నీళ్లన్నీ అందులోకే. దారి కాస్తా కాలువవుతుంది, కాలువ ఇంకా లోతు తవ్వుతుంది. బురద పెరిగాక జనం పక్కకు జరిగి నడుస్తారు, అక్కడ మరో గాడి. గోదావరి జిల్లాల్లో వానాకాలం పుంతలో బండి తోలినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. దక్షిణ ఇంగ్లండులోని సెల్బోర్న్ దారులు పొలాల కంటే 16, 18 అడుగులు దిగిపోయాయని గిల్బర్ట్ వైట్ 1789లోనే రాశాడు.

ఏది ముందు, ఏది వెనక? ఒక విడిది కందకం ఇంకో విడిది గట్టును కోసుకుంటూ పోయిందా, కోసినదే తర్వాతది. ఈ చిన్న సూత్రంతోనే ఇలాంటి చోట్ల వరుస తేలుస్తారు. ఇప్పుడు విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తుపల్లాలు కొలిచే లైడార్ పద్ధతిలో, కంటికి ఆనని గట్లు కూడా తెలుస్తున్నాయి.

ఇప్పుడీ నేల బ్రిటిష్ సైన్యపు ఆటర్‌బర్న్ శిక్షణ క్షేత్రంలో ఉంది. కాల్పుల సాధన ఉన్న రోజున ఎర్రజెండా ఎగరేస్తారు, ఆవేళ లోపలికి పోకూడదు. వెళ్లేవాళ్లు జెండా లేని రోజు చూసుకుని, శీతాకాలంలో, ఎండ ఏటవాలుగా పడే వేళకు చేరుకోవాలి.