మందు లేని చీటీ

ఇంగ్లండులో ప్రజలు తమ ప్రాంతపు వైద్యశాలలో పేరు నమోదు చేయించుకొని, ఏ బాధ కలిగినను ముందుగా అచ్చటికే పోవుదురు. అయితే అందఱి బాధయు మందుతో తీరునది కాదు. ఒకనికి నిద్రపట్టకుండుటకు ఋణభారము కారణము. మఱియొకనికి దగ్గు విడువకుండుటకు ఇంటిగోడల చెమ్మ కారణము. భర్త గతించిన వృద్ధురాలికి పలుకరించువారు లేకుండుటయే వ్యాధి.

ఇట్టివారిని వైద్యుడు 'లింకు వర్కరు' అను కార్యకర్తయొద్దకు పంపును. ఈ కార్యకర్త మందు లీయడు. తీరికగా కూర్చుండి కష్టసుఖములు విని, అప్పులవిషయమున ఉచితముగా సలహా చెప్పు సంస్థకో, తోటపనివారి బృందమునకో, గానసమాజమునకో వారిని జేర్చును.

తూర్పు లండనునందు 1984లో వెలసిన బ్రామ్లీ బై బో కేంద్రము ఈ పద్ధతికి దారిచూపిన వానిలో నొకటి. సోమర్సెట్ మండలమందలి ఫ్రూమ్ పట్టణమున 2013లో హెలెన్ కింగ్‌స్టన్ అను వైద్యురాలు ఇట్టి యేర్పాటును ప్రారంభించిరి. 2019 మొదలు అచ్చటి జాతీయ ఆరోగ్యసేవ తన ధనముతోనే ఈ కార్యకర్తలను విరివిగా నియమించుచున్నది.

ఇది చికిత్సకు బదులు కాదు. దానికి తోడు మాత్రమే. మఱియొక సంగతి గమనింపదగినది. బావిలో నీరున్నప్పుడే చేదకు వచ్చును. ఊరిలో పరస్పర సహాయసంఘములు లేనిచో, ఆ కార్యకర్త రోగి నెచ్చటికి పంపగలడు? చీటీ వ్రాయుట వైద్యునిపని, చేరదీయుట ఊరివారిపని.

కావున సభ్యులారా! సహకారమనగా అప్పు, ఎరువు, విత్తనము మాత్రమే కాదు. కొన్నినెలలుగా సభకు రాని సభ్యునింటికి బోయి కుశల మడుగుటకు ఏ వైద్యుని చీటీయు నక్కఱలేదు.