దుఃఖంలో ఉన్నవారికి ఏమి వండాలి?

మా మామగారు అల్లాహ్ సన్నిధికి చేరుకొని అప్పటికి నెల దాటింది. రాజమండ్రిలోని మా ఇంటి లోపలి గదిలో అత్తమ్మ ఇద్దత్ పాటిస్తున్నారు. ఉదయం పెట్టిన పళ్లెం మధ్యాహ్నానికి, మధ్యాహ్నం పెట్టినది సాయంత్రానికి, రెండు ముద్దలు తగ్గి మళ్ళీ వంటింటికి వచ్చేది. "ఆకలి లేదమ్మా" అనేవారు. పళ్ళు ఊడిపోయిన తరువాత ఆమె నమలగలిగినవి ఎలాగూ తక్కువ. మెత్తగా ఉడికించిన అన్నం, పప్పుచారు, గంజి, సేమ్యా, మళ్ళీ అన్నం. వాటిని చూస్తేనే ముఖం తిప్పుకొనే స్థితికి వచ్చారు.

పరామర్శకు వచ్చినవారిలో చాలామంది మా వారిని పక్కకు పిలిచి, నలభయ్యో రోజు విందుకు ఎంత బియ్యం తెప్పిస్తున్నారని అడిగారు. గదిలో ఉన్న మనిషి ఏమి తింటున్నదని అడిగినవారు ఇద్దరో ముగ్గురో. వారిలో ఒకరు మా ఎదురింటి హిందూ సోదరి. మొదటి మూడు రోజులూ మా పొయ్యి వెలిగించనీయకుండా రెండు పూటలా క్యారేజీ పంపినది ఆమే. ధర్మం తెలిసిన మనం చేయవలసిన పనిని ఆమె చేశారు.

ఈ విషయంలో దైవప్రవక్త (స) చూపిన మార్గం ఎంతో స్పష్టమైనది. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) వీరమరణం పొందిన వార్త మదీనాకు చేరినప్పుడు, జాఫర్ కుటుంబీకులకు తీరిక లేని బాధ వచ్చిపడిందనీ, వారి కోసం భోజనం సిద్ధం చేయవలసిందనీ ప్రవక్త (స) ఆదేశించారు. వండవలసినది ఇరుగుపొరుగువారు, తినవలసినది దుఃఖంలో ఉన్నవారు. ఖననం తరువాత మృతుని ఇంట గుమికూడి అక్కడే వంటలు చేయించడాన్ని సహాబాలు శోకాలు పెట్టడంలో భాగంగానే పరిగణించేవారని హజ్రత్ జరీర్ (రజి) ఉల్లేఖనం. మన వీధుల్లో ఇది తలకిందులైంది. యజమానిని కోల్పోయిన ఇల్లే అప్పు చేసి ఊరికి అన్నం పెడుతున్నది.

మరో ఉల్లేఖనం నన్ను ఆ రోజుల్లో ఎక్కువగా ఆలోచింపజేసింది. తమ కుటుంబంలో ఎవరైనా మరణించినప్పుడు, వచ్చిన స్త్రీలు వెళ్ళిపోయి అయినవారు మాత్రమే మిగిలాక, హజ్రత్ ఆయిషా (రజి) ఒక కుండలో తల్బీనా వండించేవారు. రొట్టె ముక్కలతో సరీద్ చేయించి, దానిపై తల్బీనా పోయించి, అక్కడి స్త్రీలను తినమనేవారు. అది రోగి హృదయానికి ఊరటనిస్తుందనీ, దుఃఖాన్ని కొంత తొలగిస్తుందనీ ప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని ఆమె తెలిపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉన్నది. తల్బీనా అంటే బార్లీ పిండితో కాచే పలుచని జావ. పాలవలె తెల్లగా ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది. మెత్తనిది, వేడిది, తేలికగా గొంతు దిగేది. జనం వెళ్ళిపోయాకనే ఆమె దానిని వండించేవారన్న సంగతి గమనించండి. ఇల్లు నిశ్శబ్దమైన తరువాతనే అసలు లోటు తెలిసివస్తుంది.

మేము తల్బీనా చేసి చూశాము. అత్తమ్మ నాలుగు రోజులు తాగారు. తరువాత అది కూడా గంజి జాబితాలో చేరిపోయింది.

అటువంటి సమయంలో సెలవులకు వచ్చిన మా అమ్మాయి, "అమ్మీ, దాదీకి న్యోక్కీ చేద్దామా?" అన్నది. అది ఇటలీ వంటకమట. ఉడికించిన బంగాళదుంపను కొంచెం మైదాతో కలిపి, ఉసిరికాయ కంటే చిన్న ముక్కలుగా చేసి, మరిగే నీటిలో ఉడికించి, పైన వెన్నలో మగ్గించిన ఉల్లిపాయ వేసి తింటారు. పేరు కొత్తదే గాని వస్తువు మనకు కొత్తది కాదు. పిండిని తాళ్ళుగా చేసి పాలలో ఉడికించే తాలికలు గోదావరి జిల్లాల్లో ఎవరికి తెలియవు? గోధుమపిండి ముక్కలను పప్పులోనో మాంసం పులుసులోనో ఉడికించే చకోలీలు దక్కనీ ముస్లింల వంటిళ్ళలో ఉన్నవే. ఇటలీలో కూడా మొదట దీనిని పిండితోను, ఎండిన రొట్టె పొడితోను చేసేవారు. దక్షిణ అమెరికా నుండి బంగాళదుంప 16వ శతాబ్దంలో ఐరోపా చేరి, జనానికి అలవాటయ్యాకనే ఈ రూపం వచ్చింది. రోమ్ నగరంలో గురువారం న్యోక్కీ తినడం ఆనవాయితీ. ఇటలీ నుండి వలస వెళ్ళినవారు ఎక్కువగా ఉన్న అర్జెంటీనాలో ప్రతి నెలా 29వ తేదీన దీనిని తింటారు. జీతం అయిపోయే నెలాఖరులో దుంప, పిండి తప్ప మరేమీ అక్కరలేని భోజనం గనుక ఆ తేదీ కుదిరిందని చెబుతారు. పేదింటి వంట అన్నమాట. అందుకే నాకు నచ్చింది.

ఇక ఉల్లిపాయ. దీని దగ్గరే అసలు కథ ఉన్నది.

మన ఇళ్ళలో ఉల్లిని ఎర్రగా వేయించడం బిర్యానీ కోసం. సన్నగా తరిగి, నిండు నూనెలో పెద్ద మంట మీద పది పదిహేను నిమిషాల్లో కరకరలాడే బిరిస్తా తీస్తాము. ఇది వేరు. ఇందులో నూనె తక్కువ, మంట తక్కువ, సమయం ఎక్కువ. ఉల్లిపాయలో దాదాపు తొమ్మిది పాళ్ళు నీరే. సన్నని సెగ మీద ఆ నీరు మెల్లగా పోతుంది. కళ్ళను మండించే ఘాటు ఆవిరితో వెళ్ళిపోతుంది. లోపలున్న కొద్దిపాటి చక్కెర చిక్కబడి ముదురు తేనె రంగుకు తిరుగుతుంది. ఒక కిలో ఉల్లిపాయలు పావు కిలో పరిమాణానికి వస్తాయి. ఇందులో దొడ్డిదారి లేదు. పది నిమిషాల్లో అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. చక్కెర చల్లి రంగు తెప్పించేవారూ ఉన్నారు. రంగు వస్తుంది, రుచి రాదు.

అది భాద్రపదం. నదికి ఆవల తాడేపల్లిగూడెం మార్కెట్టుకు కర్నూలు కొత్త ఉల్లి దిగుతున్న కాలం. మన డెల్టా వరి సీమ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుండి ఇక్కడి నీరంతా వరిచేలకే. ఉల్లి, దుంప రెండూ బయటి నుండి రావలసినవే. కొత్త ఉల్లిలో తడి ఎక్కువ. నిలవకు పనికిరాదు, మగ్గించడానికి మరో పావుగంట అదనంగా పడుతుంది.

ఐదుగురికి కిలో ఉల్లిపాయలు నిలువుగా చీలికలు తరిగాను. అడుగు మందమున్న గిన్నెలో రెండు చెంచాల నెయ్యి, ఒక చెంచా నూనె వేసి, ఉల్లి, చిటికెడు ఉప్పు వేసి, పది నిమిషాలు మూతపెట్టి మెత్తబడనిచ్చాను. తరువాత మూత తీసి మంట తగ్గించాలి. అడుగున పట్టుకొంటున్నప్పుడల్లా ఒక చెంచా నీళ్ళు చల్లి గరిటెతో గీకుతూ ఉండాలి. ఆ పట్టుకొన్న మడ్డిలోనే రుచి అంతా ఉన్నది. ఇరవై నిమిషాలకు అవి గడ్డి రంగులోనే ఉన్నాయి. నాకు ఓపిక చాలక మంట పెంచాను.

"మంట తగ్గించు. అంచులు మాడుతున్నాయి."

అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. మామగారు పోయిన తరువాత ఆమె ఆ గుమ్మం దాకా రావడం అదే మొదలు. వాసనకే వచ్చారు. అరవై ఏళ్ళుగా ఉల్లి వేయించిన చేయి ఆమెది. మాడే ముందు వచ్చే వాసన గోడ అవతల నుండి పట్టగలరు. స్టూలు లాక్కొని కూర్చొని నా చేతిలోని గరిటె తీసుకొన్నారు. "ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదంటారు గాని, తల్లి దగ్గర నిలబడినట్టు దీని దగ్గర కూడా నిలబడాలి" అన్నారు. నేను మారు మాట్లాడలేదు.

ఇద్దత్‌లో ఉన్న స్త్రీ వంట చేయకూడదనీ, ఫలానావి తినకూడదనీ చెప్పేవారు మన బంధువుల్లో ఉన్నారు. దివ్య ఖుర్ఆన్ విధించినది నాలుగు నెలల పది రోజుల గడువు. హదీసులు వారించినది అలంకరణను, సుగంధ ద్రవ్యాలను. వంటింట్లో కూర్చోవడాన్ని, ఇష్టమైనది తినడాన్ని ఎవరూ వారించలేదు. ఆచారం పేరుతో మనం ఆ గది గోడలను మరింత దగ్గరకు జరుపుతున్నాము.

ఉల్లి గురించే మరొక మాట. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారు ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దన్నది మనకు తెలిసినదే. తినదలచినవారు వండి ఆ వాసనను చంపి తినాలని హజ్రత్ ఉమర్ (రజి) తమ ప్రసంగంలో చెప్పారు. గంటసేపు మగ్గిన ఈ ఉల్లిలో చంపడానికి ఇక ఘాటు ఏమీ మిగలదు. తిని నిశ్చింతగా ఇషా నమాజ్‌కు వెళ్ళవచ్చు.

ఆవల మా అమ్మాయి దుంపల సంగతి చూస్తున్నది. మొదటి విడత చెడిపోయింది. చపాతీ పిండిలా బాగా మర్దించడంతో జిగురుగా సాగింది. గట్టిపడుతుందని మైదా ఇంకా పోసింది. ఉడికాక రబ్బరు గోళీలే. తప్పు ఎక్కడ జరిగిందో రెండవసారికి గాని తెలియలేదు. కిలో దుంపలకు పావు కిలో మైదా మించకూడదు. దుంపలు కొత్తవి కాక, పొడిగా ఉండే పాతవి కావాలి. తొక్కతోనే ఉడికించాలి, లేకుంటే నీరు తాగుతాయి. వేడిగా ఉండగానే తొక్క తీసి మెదపాలి. ఇటలీవారు దీనికి వేరే పరికరం వాడతారు. మేము జంతికల గొట్టంలో సన్న కారప్పూస బిళ్ళ పెట్టి వత్తాము, ఒక్క ఉండ కూడా మిగలలేదు. వత్తిన దుంపను వెడల్పు పళ్ళెంలో పరచి ఆవిరి పోనిచ్చి, ఒక గుడ్డు, చెంచాడు ఉప్పు, మైదా వేసి, ముద్ద అయ్యేంత వరకే చేతితో కూడదీయాలి. అంతకు మించి పిసకరాదు. వేలి లావు తాళ్ళుగా చేసి, అంగుళం ముక్కలు కోసి, ఫోర్కు వెనుక వైపు మెల్లగా దొర్లిస్తే గీతలు పడతాయి. ఆ గీతల్లో నెయ్యి, ఉల్లి నిలుస్తాయి. ముందు ఒక్క ముక్క ఉడికించి చూడాలి. విడిపోతే ఇంకొక చెంచా మైదా. ఉప్పు వేసిన మరిగే నీటిలో వేయగానే మునుగుతాయి, ఉడికి పైకి తేలుతాయి. తేలిన అర నిమిషానికి చిల్లుల గరిటెతో తీసి నేరుగా ఉల్లి గిన్నెలోకి వేయాలి.

ఈ వంటను విదేశీ పద్ధతిలో చేసేవారు ఉల్లి మగ్గాక అడుగున పట్టిన మడ్డి వదలడానికి వైన్ పోస్తారు. మరిగితే మత్తు పోతుంది గదా అన్న వాదన మనకు అక్కరలేదు. మద్యం వంటలోకి కూడా నిషిద్ధమే. దాని స్థానంలో ఒక చెంచా వెనిగర్ చాలు. ఆ పులుపు ఉల్లి తీపిని సరిచేస్తుంది కూడా. ప్రవక్త (స) ఒకనాడు ఇంట్లో కూరేమి ఉన్నదని అడిగి, వెనిగర్ తప్ప మరేమీ లేదంటే, దానినే తెప్పించుకొని, ఎంత మంచి ఆధరువు అని మెచ్చుకొంటూ తిన్నారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. పైన తురిమే చీజ్ విషయంలోనూ కొంత జాగ్రత్త వహించాలి. కొన్ని విదేశీ చీజ్‌లలో పాలు విరగడానికి దూడ పొట్టలోని పదార్థం వాడతారు. ఆకుపచ్చ శాకాహార గుర్తు ఉన్నది కొంటే సందేహమే ఉండదు. మేము చీజ్ వేయనే లేదు, మిరియాల పొడి చల్లాము. షుగర్ ఉన్నవారికి దుంప, మైదా రెండూ బరువే. అత్తమ్మకు కూడా షుగర్ ఉన్నది. ఆమెకు పన్నెండు ముక్కలు, పక్కన ఒక గిన్నె కోడి సూపు అని లెక్క పెట్టుకొన్నాము.

మగ్రిబ్ నమాజ్ తరువాత దస్తర్‌ఖాన్ పరిచాము. అత్తమ్మకు లోపలి గదికి పంపలేదు. ఆమే వచ్చి కూర్చొన్నారు. మొదటి ముక్కను నాలుకతో నొక్కి చూశారు. "ఇది దుంపా?" అన్నారు. నమలవలసిన అవసరమే లేకపోయింది. పన్నెండు అయ్యాక మనవరాలి పళ్లెంలోవి మరో మూడు తీసుకొన్నారు. మా వారు వద్దనబోతే నేనే సైగ చేసి ఆపాను. "మీ అబ్బా ఉంటే ఇందులో కారం ఏదీ అని అడిగేవారు" అన్నారు ఆమె. మేము నవ్వాము. ఆమె కూడా నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకొన్నారు.

కూరలో నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని ప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కి చేసిన హితవును మా అమ్మాయే గుర్తుచేసి, ఒక డబ్బా నింపి ఎదురింటికి పట్టుకెళ్ళింది. క్యారేజీలకు బదులు ఇవ్వడం ఆ విధంగా మొదలైంది.

గిన్నె అడుగున గుప్పెడు ఉల్లి మిగిలింది. కడగబోతుంటే అత్తమ్మ ఆపారు. "దానిని సీసాలో తీసి పెట్టు. రేపు కిచిడీ మీద వేస్తాను."