పిల్లితో విదేశీ ప్రయాణం: వీసా కంటే ముందే మొదలుపెట్టాల్సిన పని

విదేశీ విశ్వవిద్యాలయంలో సీటు ఖరారైన తరువాత వీసా, విమాన టికెట్, బస వంటి ఏర్పాట్లను చాలామంది రెండు నెలల్లో ముగించుకుంటారు. ఇంట్లో పెంచుకుంటున్న పిల్లిని కూడా వెంట తీసుకువెళ్లాలనుకుంటే మాత్రం ఆ వ్యవధి సరిపోదు. భారత్ నుంచి ఐరోపా సమాఖ్య దేశాలకు గానీ, బ్రిటన్‌కు గానీ పిల్లిని తరలించేందుకు నిబంధనల ప్రకారమే కనీసం నాలుగు నెలలు పడుతుంది. ఆలస్యంగా మేల్కొన్నవారు ప్రయాణాన్ని వాయిదా వేసుకోవాలి, లేదా పిల్లిని ఇక్కడే విడిచి వెళ్లాలి.

ఎందుకింత వ్యవధి?

దీనికి మూలకారణం రేబిస్. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధి దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. ప్రపంచవ్యాప్త రేబిస్ మరణాలలో సుమారు 36 శాతం భారత్‌లోనే సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ మరణాలకు ప్రధాన కారణం కుక్కకాటే అయినప్పటికీ, పిల్లులకూ ఈ వైరస్ సోకుతుంది. వైరస్ శరీరంలో ప్రవేశించాక లక్షణాలు కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందువల్ల టీకా ధ్రువపత్రం ఒక్కటే చాలదని, టీకా పనిచేసినట్లు రక్తపరీక్షలో తేలాలని, ఆ తరువాత కూడా కొంతకాలం వేచి ఉండాలని అనేక దేశాలు పట్టుబడుతున్నాయి.

వరుస తప్పితే మళ్లీ మొదటికి

మొదటి మెట్టు మైక్రోచిప్. అంతర్జాతీయ ప్రమాణాలకు లోబడిన 15 అంకెల చిప్‌ను పశువైద్యుడు పిల్లి చర్మం కింద అమరుస్తారు. రేబిస్ టీకా ఆ తరువాతే వేయించాలి. చిప్ లేనప్పుడు వేయించిన టీకాను ఐరోపా సమాఖ్య పరిగణనలోకి తీసుకోదు. ఏ జంతువుకు ఆ టీకా వేశారో నిర్ధారించే ఆధారం ఉండకపోవడమే ఇందుకు కారణం.

టీకా నాటికి పిల్లికి కనీసం 12 వారాల వయసు ఉండాలి. టీకా వేసిన 30 రోజుల తరువాత రక్తం సేకరించి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. యాంటీబాడీల స్థాయి మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. రక్తం తీసిన నాటి నుంచి మూడు నెలలు పూర్తయ్యాకే ప్రయాణానికి అర్హత లభిస్తుంది. ఈ లెక్కన ఏడు నెలలు నిండని పిల్లిపిల్ల ఐరోపాకు వెళ్లడం సాధ్యం కాదు. మలి టీకాను గడువులోగా వేయించకపోతే ఈ ప్రక్రియ మొత్తం మళ్లీ మొదలవుతుంది.

దేశానికో విధానం

అమెరికాలో ప్రవేశించే పిల్లులకు అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం రేబిస్ టీకా పత్రాన్ని తప్పనిసరి చేయలేదు. పిల్లి ఆరోగ్యంగా కనిపిస్తే చాలు. అయితే కొన్ని రాష్ట్రాలు సొంతంగా టీకాను కోరుతున్నాయి. హవాయి నిబంధనలు మరింత కఠినం. కెనడాకు మూడు నెలలు దాటిన పిల్లికి ఇంగ్లీషులో లేదా ఫ్రెంచిలో ఉన్న టీకా పత్రం అవసరం.

జపాన్ రెండు టీకాలతో పాటు రక్తపరీక్ష, ఆపై 180 రోజుల నిరీక్షణను కోరుతుంది. భారత్ నుంచి నేరుగా వచ్చే పిల్లులను ఆస్ట్రేలియా అనుమతించదు. ఆమోదిత దేశం మీదుగా, అక్కడి షరతులన్నీ పూర్తిచేసి వెళ్లాలి. ఆపై మెల్‌బోర్న్ సమీపంలోని మికిల్‌హామ్ కేంద్రంలో క్వారంటైన్ తప్పదు.

విమానం ఎక్కే ముందు

భారత్ వైపు నుంచి ఎగుమతి ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చేది కేంద్ర పశుసంవర్ధక శాఖ పరిధిలోని జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవల విభాగం. దీనికి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, ముంబయి, కోల్‌కతాల్లో కార్యాలయాలున్నాయి. ఈ పత్రం చెల్లుబాటు కొద్ది రోజులే కాబట్టి ప్రయాణ తేదీని బట్టి దరఖాస్తు చేసుకోవాలి.

బ్రిటన్‌కు విమానంలో వెళ్లే పిల్లిని కార్గోగా మాత్రమే పంపాలి. పిల్లి లోపల నిలబడి, వెనుదిరిగి, పడుకోగలిగినంత పెట్టె ఉండాలన్నది అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నియమం. మత్తుమందు ఇవ్వడం శ్వాసకు ప్రమాదకరం. పర్షియన్ వంటి చదునుముఖపు జాతులను అనేక విమానయాన సంస్థలు సరకు విభాగంలో అంగీకరించవు. ప్రయాణానికి కొన్ని వారాల ముందు నుంచే పెట్టెను ఇంట్లో తెరిచి ఉంచి, అందులోనే ఆహారం పెడితే పిల్లికి భయం తగ్గుతుంది. గమ్యం చేరాక రెండు రోజులైనా ఆహారం ముట్టకపోతే వెంటనే పశువైద్యుడికి చూపించాలి. ఎక్కువకాలం పస్తుంటే పిల్లుల కాలేయం దెబ్బతింటుంది.

తరువాత పంపిస్తే?

యజమాని ముందు వెళ్లి, పిల్లిని తరువాత కుటుంబసభ్యులతో రప్పించుకోవచ్చని పలువురు భావిస్తారు. ఐరోపా, బ్రిటన్ నిబంధనల్లో ఇక్కడొక మెలిక ఉంది. యజమాని ప్రయాణానికి ముందు గానీ తరువాత గానీ ఐదు రోజుల్లోపు పిల్లి చేరాలి. గడువు దాటితే దాన్ని వాణిజ్య దిగుమతిగా పరిగణించి, మరిన్ని షరతులు విధిస్తారు.

తిరిగి భారత్‌కు తీసుకురావడానికీ ముందస్తు అనుమతి కావాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధ సమయంలో పెంపుడు జంతువులను వదిలి రాలేమన్న భారతీయుల కోసం కేంద్రం ఈ నిబంధనలను ఒక్కసారికి సడలించింది. సాధారణ పరిస్థితుల్లో అటువంటి మినహాయింపు ఉండదు.

నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి గమ్యదేశపు అధికారిక సమాచారాన్ని సరిచూసుకున్నాకే టికెట్ కొనడం మేలు. పిల్లిని వెంట తీసుకువెళ్లాలన్న ఆలోచన ఉంటే, విదేశీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పంపిన వారంలోనే మైక్రోచిప్ వేయించడం సురక్షితమైన మార్గం. ప్రవేశం దక్కకపోయినా ఆ చిప్, ఆ టీకా వృథా కావు.