మూలం, నవీకృత ప్రతి: దృశ్యాన్ని, పనితీరును పోల్చడం ఎలా?

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• పునర్నిర్మాణానికి, నవీకరణకు తేడా చెప్పగలుగుతారు.
• రంగు, తెర కొలత, ధ్వని, పనితీరు అనే అంశాలను విడివిడిగా పోల్చగలుగుతారు.
• 'బాగుంది', 'బాగాలేదు' అనే అభిప్రాయాలకు ఆధారం చూపగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

పాత వీడియో గేమ్ కొత్త హంగులతో వచ్చినప్పుడు ఆడేవారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంది, ఆట ఎంత సాఫీగా నడుస్తోంది అని ఆరా తీస్తారు. ఇటువంటి పోలిక తెలుగువారికి కొత్త కాదు. 2010లో 'మాయాబజార్' రంగుల్లో వచ్చినప్పుడు విజయవాడలో నేను విన్న చర్చ ఇదే. ఆ చిత్రంతో కృష్ణా డెల్టాకు దగ్గరి బంధం ఉంది. కృష్ణుడిగా నటించిన ఎన్.టి. రామారావుది నిమ్మకూరు. అభిమన్యుడిగా నటించిన అక్కినేని నాగేశ్వరరావుది రామాపురం. ఘంటసాల పుట్టింది చౌటపల్లిలో. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిది తెనాలి. అందుకే ఈ పాఠానికి ఆ చిత్రాన్నే ప్రధాన ఉదాహరణగా తీసుకుందాం.

2. పునర్నిర్మాణం, నవీకరణ

పాత కథనే కొత్త సామగ్రితో మళ్ళీ తయారుచేస్తే అది పునర్నిర్మాణం. ఉన్న ప్రతినే శుభ్రపరచి మెరుగుపరిస్తే అది నవీకరణ. శశిరేఖ పెళ్ళి కథ 1936లోనే తెలుగు తెరకెక్కింది. విజయా సంస్థ కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957 మార్చి 27న విడుదల చేసిన 'మాయాబజార్' అదే కథను కొత్త నటులతో తిరిగి చెప్పింది. 2010 జనవరి 30న హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులద్ది తెచ్చినది మాత్రం 1957 చిత్రానికి నవీకరణ. నటన, మాట, పాట అన్నీ పాతవే. కాబట్టి పోలికకు ముందు 'ఇది ఏ రకం ప్రతి?' అని తేల్చుకోవాలి.

3. దృశ్యం

3.1 రంగు: నలుపు-తెలుపు ఫిల్ము వెలుగు మోతాదును మాత్రమే పట్టుకుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ వంటి వేర్వేరు రంగులు కూడా అందులో ఒకే బూడిద ఛాయగా కనిపించవచ్చు. ఆ ఛాయను చూసి అసలు రంగు చెప్పడం సాధ్యం కాదు. లడ్డు పసుపు అని అందరికీ తెలుసు. కానీ శశిరేఖ చీర రంగు నెగటివ్‌లో లేదు. అక్కడ రంగు వేసినవారి ఊహే ఆధారం.

మరో సంగతి ఉంది. 'లాహిరి లాహిరి' పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడలతోనే వెన్నెలను నమ్మించారు. రంగు లేకపోవడం ఆయనకు లోటు కాదు, పనిముట్టు. దానికి రంగు చేర్చితే ఒకటి పెరిగి మరొకటి తగ్గవచ్చు.

3.2 తెర కొలత: ఆనాటి చిత్రాల వెడల్పు, ఎత్తుల నిష్పత్తి దాదాపు 1.37:1. రంగుల ప్రతిని సినిమాస్కోప్ కొలతకు, అంటే 2.35:1కి మార్చారు. ఇందులోని చిక్కును లెక్కతో చూద్దాం. బొమ్మ వెడల్పు 137 సెం.మీ., ఎత్తు 100 సెం.మీ. అనుకోండి. అదే వెడల్పుతో కొత్త నిష్పత్తి రావాలంటే ఎత్తు సుమారు 58 సెం.మీ. ఉండాలి. మిగిలిన 42 సెం.మీ. కత్తిరించాలి, లేదా బొమ్మను అడ్డంగా సాగదీయాలి. తెర పెద్దదైనంత మాత్రాన అందులో కనిపించేది పెరగదు.

4. ధ్వని, నిడివి

1957 నాటి ఒంటి వాహిక ధ్వనిని డీటీఎస్ 5.1కి మార్చారు. ఇది చెవికి తెలిసే మెరుగుదల. అయితే నెగటివ్ బాగాలేని కొన్ని పాటలను, పద్యాలను తొలగించారు. రంగుల ప్రతి ఒక్కటే చూసినవారికి అవి ఉండేవని కూడా తెలియదు. కొత్త ప్రతిలో చేర్చినవి కంటికి కనిపిస్తాయి. తీసేసినవి మూలంతో పోల్చినప్పుడే బయటపడతాయి.

5. పనితీరు

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ముందే సిద్ధంగా ఉంటాయి. వీడియో గేమ్‌లో ప్రతి ఫ్రేమునూ యంత్రం అప్పటికప్పుడు లెక్కకట్టి గీయాలి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కొక్కదానికి సుమారు 33 మిల్లీసెకన్లు, 60 అయితే సుమారు 17 మిల్లీసెకన్లే దొరుకుతాయి. బొమ్మలో వివరం పెరిగేకొద్దీ లెక్క బరువెక్కి వేగం తగ్గవచ్చు.

2005లో ప్లేస్టేషన్ 2పై వచ్చిన 'షాడో ఆఫ్ ది కొలోసస్' భారీ దృశ్యాల్లో నెమ్మదించేది. బ్లూపాయింట్ గేమ్స్ దానిని 2018లో ప్లేస్టేషన్ 4 కోసం పునర్నిర్మించింది. ప్లేస్టేషన్ 4 ప్రోలో ఆడేవారు 60 ఫ్రేముల వేగాన్ని గాని, 30 ఫ్రేములతో ఎక్కువ స్పష్టతను గాని ఎంచుకోవచ్చు. అందువల్ల గేములను పోల్చేటప్పుడు ఏ యంత్రంపై, ఏ అమరికతో చూశారో తప్పక రాయాలి.

6. తీర్పు చెప్పడం

రంగుల 'మాయాబజార్'కు మా ఇంటి పిల్లలను తీసుకువెళ్ళాను. నలుపు-తెలుపు అంటే టీవీ ముందు నుంచి లేచిపోయే పిల్లలు 'వివాహ భోజనంబు' పాటకు పడీపడీ నవ్వారు. వెన్నెల పాట దగ్గర మాత్రం నాకు ఏదో వెలితి తోచింది. మా రెండు అనుభవాలూ నిజమే. కొత్తవారిని చేరుకుందా అన్న ప్రశ్నకు పిల్లలు జవాబు చెప్పారు. మూలానికి కట్టుబడిందా అన్నది నా ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి ఒకే మార్కు వేస్తే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

సారాంశం

పోలికలో ఏది మారింది, ఏది నిలిచింది, ఏది పోయింది అని అంశాలవారీగా చూడాలి. అందుకు మూలం అందుబాటులో ఉండాలి. కొత్త ప్రతి పాతదానికి తోడుగా రావాలి గాని, దాన్ని మరుగున పడేయకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1957 'మాయాబజార్'ను, 2010 ప్రతిని ఒకే రకంగా ఎందుకు పరిగణించకూడదు?
2. బూడిద ఛాయ నుంచి అసలు రంగును ఎందుకు కనుక్కోలేం?
3. మీకు నచ్చిన ఒక చిత్రం లేదా గేమ్ రెండు ప్రతుల్లోని ఒకే దృశ్యాన్ని చూసి, పై మూడు ప్రశ్నలకు పది వాక్యాల్లో జవాబు రాయండి.