పక్కవారికి తెలియని కబురు

యుద్ధకాలంలో కొన్ని కబుర్లు వేగంగానూ పోవాలి, గుట్టుగానూ ఉండాలి. చిత్తూరు దగ్గర ఒకప్పుడు జరిగిన సంగతి వినండి.

1782లో మైసూరు పాలకుడు హైదరాలీ ఇంగ్లీషువారితో యుద్ధం చేస్తూ, నరసింగరాయనిపేట దగ్గర దండు విడిశాడు. డిసెంబరు 7న అక్కడే చనిపోయాడు. కొడుకు టిప్పు ఎక్కడో మలబారు తీరంలో పోరాడుతున్నాడు. సంగతి పొక్కితే, అతను వచ్చేలోగా సైన్యం చెదిరిపోతుంది!

అందుకని పూర్ణయ్య మొదలైన అధికారులు నవాబుగారికి జబ్బుగా ఉన్నదనే చెబుతూ వచ్చారు. శవాన్ని సుగంధద్రవ్యాలతో పెట్టెలో పెట్టి, ఖజానా తరలిస్తున్నట్టుగా కాపలాతో కోలారుకు పంపారు.

ఆ రోజుల్లో తంతి లేదు, రైలు లేదు. అయినా 11వ తేదీకల్లా వార్తాహరులు టిప్పుకు కబురు అందించారు. అతను వెంటనే బయలుదేరి వచ్చి దండును చేరుకున్నాడు.

దండులోని సిపాయిలకే తెలియనివ్వని కబురు, కనుమలు దాటి కొడుకును చేరిందన్నమాట!