గడియారము కావలికాయు తాళములు

తాళపుచెవుల గుత్తిని కొంగున ముడివేసికొని తిరుగు మన సోదరీమణులకు, వేసినవాడు సైతము గడువు తీరువరకు తీయజాలని తాళమొకటి కలదన్నచో వింతగా తోపవచ్చును. అట్టి తాళమును బ్యాంకులవారు ఆదరించుటకు ఒక సంసారము పడిన బాధ కారణమైనది.

1876 జనవరి 25వ తేది రాత్రి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, నార్తాంప్టన్ పట్టణపు బ్యాంకు ఖజానాదారు జాన్ విట్టెల్సీగారి యింట ముసుగుదొంగలు చొరబడి, ఆయన భార్యను, ఇంటిల్లిపాదిని బంధించిరి. ఖజానా తెరచు అంకెలు చెప్పుమని ఆయనను హింసించిరి. ఆయన మొదట తప్పుటంకెలు చెప్పెను. మరల చెప్పుమనగా అవి జ్ఞప్తికి రాలేదు. తుదకు నిజము చెప్పక తప్పినది కాదు. 12 లక్షల డాలర్లకు మించిన ధనమును పత్రములును దొంగల పాలయ్యెను. అంకెలన్నియు ఖజానాదారు నొక్కనికే తెలియుట మేలని బ్యాంకువారికి సలహా యిచ్చిన తాళముల నిపుణుడే దొంగలతో పొత్తు కలిసెనని పిమ్మట బయటపడినది! పోయిన సొమ్ము మాట యటుండనిండు. ఆ రాత్రి ఆ యింటి స్త్రీలు పడిన భయమును తలచిన మాకు మేను జలదరించుచున్నది.

దీనికి విరుగుడు అప్పటికే కలదు. రోచెస్టరు నగరవాసి జేమ్స్ సార్జెంటు 1873లో గడియారపు తాళమును నిర్మించెను. మరుసటి యేడు ఇల్లినాయి రాష్ట్రమందలి మారిసన్ పట్టణపు బ్యాంకులో దాని నమర్చిరి. తలుపు లోపలివైపున రెండు గడియారములుండును. సాయంకాలమున ఇన్ని గంటలని చావి త్రిప్పి తలుపు మూయుదురు. ఆ గంటలు గడచువరకు గడియకు అడ్డుగా నున్న మీట తొలగదు. అంకెలు తెలిసినను లాభము లేదు. ఇక ఖజానాదారును హింసించిన ఫలమేమి? గడియారమొక్కటియే యైనచో అది ఆగిననాడు బ్యాంకువారే బయట నిలువవలసివచ్చును గదా! అందుచేత రెండు, తరువాత మూడు పెట్టిరి. వానిలో నేదో యొకటి నడచిన చాలును. అన్నియు నాగెనా, తలుపునకు రంధ్రము తొలుచుటయే గతి. సార్జెంటునకును యేల్ కంపెనీవారికిని నడచిన వ్యాజ్యము 1886లో అమెరికా సుప్రీంకోర్టు వరకు పోయినది.

ఈ పాత తాళములను వెదకి కూర్చువారు కొందరు కలరు. జాన్ మాస్మన్ అను వర్తకుడు సేకరించిన 370కి పైబడిన తాళములు న్యూయార్కులోని వృత్తికారుల సంఘమునకు చేరినవి. వానిలో గడియారపు తాళములు పెక్కు. జాన్, డేవిడ్ ఎరల్ గార్లు 2006లో వీనిపై గ్రంథమే ప్రకటించిరి. సేకరించువారు ముందుగా చూచునది గడియారముపై చెక్కిన అంకె. శుభ్రపరచుటకు తీసిన గడియారమునకు బదులు వేరొకదానిని బిగించుట బ్యాంకులలో పరిపాటి యగుటచే, పెట్టె యంకెయు గడియారముల యంకెలును తరచు పొసగవు. అన్నియు ఒక్కసారి పుట్టినవని తేలుట వారికి పండుగ.

మాకు మాత్రము ఆ నగిషీపని మిక్కిలి నచ్చినది. తలుపు మూసిన పిమ్మట ఎవ్వరి కంటను బడని ఇత్తడి పలకలపై సన్నని తీగెలు, పూవులు చెక్కి, బంగారుపూత పూసిరి. ఇప్పటి కొందరు వానిని తళతళలాడించుటకై గట్టిగా తోమి ఆ పూతను పోగొట్టుచున్నారట! మన యింటి ఇత్తడిచెంబులవలె వానిని చింతపండుతో తోమరాదు.